డైరెక్టరీ సర్వర్ మారాక మెయిల్ తెరుచుకోకపోతే: లాగిన్ పునరుద్ధరణకు దరఖాస్తు విధానం

మా విశ్వవిద్యాలయంలో ఉద్యోగుల, విద్యార్థుల ఖాతాల వివరాలు ఇన్నేళ్లుగా ఓపెన్‌ఎల్‌డ్యాప్ అనే డైరెక్టరీలో, అంటే ఖాతాల రిజిస్టరులో, ఉండేవి. ఇప్పుడవి మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలోకి వెళ్లాయి. మెయిల్ సర్వర్ మాత్రం పాతదే. మీ ఉత్తరాలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. ఇల్లు మారలేదు, గుమ్మం దగ్గర కాపలాదారు చేతిలోని రిజిస్టరు మారింది. మీరు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతిసారీ మెయిల్ సర్వర్ వాటిని డైరెక్టరీకి చూపించి, ‘వీరు మనవారేనా’ అని అడుగుతుంది. ఆ అడగడంలో గానీ, జవాబు చెప్పడంలో గానీ ఎక్కడ తేడా వచ్చినా మీకు కనిపించేది ఒక్కటే: లాగిన్ కాలేదు.

అందుకే ‘మెయిల్ తెరుచుకోవడం లేదు, అత్యవసరం’ అని ఒక్క వాక్యంతో వచ్చే దరఖాస్తు మాకు ఏమీ చెప్పదు. అత్యవసరమని మేమూ నమ్ముతాం. కానీ ఏ సమయానికి ప్రయత్నించారో, తెర మీద ఏమని వచ్చిందో పొల్లుపోకుండా రాసినవారి పని ముందు తెములుతుంది. ఇందులో పక్షపాతం లేదు. ప్రతి ప్రయత్నమూ నమోదయ్యే వేల వరుసల సర్వర్ లాగ్‌లో మీ ఒక్కరి ప్రయత్నాన్ని వెతికి పట్టుకోవాలంటే మాకు ఆ సమయమే ఆధారం.

దరఖాస్తు అక్కర్లేని సందర్భం

తెర మీద వచ్చిన సందేశంలో ‘టెంపరరీ’ అనే మాట ఉందేమో చూడండి. ‘టెంపరరీ అథెంటికేషన్ ఫెయిల్యూర్’ అని వచ్చినా, మెయిల్ పంపేటప్పుడు 454 అనే సంఖ్య కనిపించినా తప్పు మీది కాదు, మీ పాస్‌వర్డ్‌ది అంతకన్నా కాదు. మెయిల్ సర్వర్‌కు డైరెక్టరీతో మాట కలవలేదని దాని అర్థం. ఆ రెండూ 636 పోర్టు (సర్వర్‌కున్న ఒక ద్వారం) మీద గుప్తంగా మాట్లాడుకుంటాయి. కొత్త డైరెక్టరీ తన గుర్తింపుగా చూపిన డిజిటల్ ధ్రువపత్రాన్ని మెయిల్ సర్వర్ నమ్మకపోతే సంభాషణ మొదలే కాదు. అలాంటప్పుడు మీతో పాటు పక్క గదిలోనివారికీ, పై అంతస్తులోనివారికీ మెయిల్ రాదు. కంప్యూటర్ కేంద్రానికి ఒక్కరు ఫోను చేస్తే చాలు. విభాగమంతా తలా ఒక దరఖాస్తు పెట్టి, వాటన్నిటికీ రశీదు సంఖ్యలు అడగనవసరం లేదు.

అదే ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’ అనో, 535 అనో వస్తే డైరెక్టరీ జవాబు చెప్పింది, ఆ జవాబు ‘కాదు’ అని. మీరిచ్చిన వివరాలకూ కొత్త రిజిస్టరుకూ పొంతన కుదరలేదు. ఈ విధానం అలాంటివారి కోసమే.

దరఖాస్తుకు ముందు: కొత్త పాస్‌వర్డ్

‘పాత పాస్‌వర్డ్ నాకు బాగా గుర్తుంది, ఎందుకు పనిచేయదు’ అన్నది మేము రోజూ వినే ప్రశ్న. మీ పాస్‌వర్డ్‌ను పాత డైరెక్టరీ ఉన్నదున్నట్టు దాచలేదు. దాన్ని తిరిగి రాబట్టలేని విధంగా రుబ్బి, ఆ పిండిని మాత్రం దాచింది. దీన్నే హ్యాష్ అంటారు. కొన్ని డైరెక్టరీలు ఆ హ్యాష్‌ను యథాతథంగా తీసుకుంటాయి. యాక్టివ్ డైరెక్టరీ తీసుకోదు. పిండి నుంచి బియ్యపు గింజను మేమూ తయారు చేయలేం. కాబట్టి అందరూ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాల్సిందే.

ఇక్కడే చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. మేమిచ్చే తాత్కాలిక పాస్‌వర్డ్‌కు ‘మొదటిసారి లాగిన్ అయినప్పుడు మార్చాలి’ అన్న నిబంధన తగిలించి ఉంటుంది. మీరు దాన్ని తీసుకెళ్లి నేరుగా ఫోనులోని మెయిల్ యాప్‌లో కొడతారు. పాస్‌వర్డ్ మార్చమని అడిగే పేజీ చూపించడం ఆ యాప్‌కు చేతకాదు. ‘తప్పు పాస్‌వర్డ్’ అని చెప్పి ఊరుకుంటుంది. మీరు అక్షరాలు చూసుకుని మళ్లీ కొడతారు, మళ్లీ తప్పు. ఎన్నిసార్లు కొట్టినా అంతే. మా లాగ్‌లో ఆ ప్రయత్నాలన్నీ 773 అనే సంకేతంతో కనిపిస్తాయి. 773 అంటే పాస్‌వర్డ్ మార్చాలి. నిజంగానే తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొట్టి ఖాతా లాక్ అయితే కనిపించేది 775. ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటినుంచీ సరైనదే, వెళ్లిన తలుపే వేరు. కాబట్టి ముందు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ మార్పు పేజీలో కొత్తది పెట్టుకోండి. ఫోను జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

పేరు దగ్గర వచ్చే పేచీ

ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. యాక్టివ్ డైరెక్టరీలో విండోస్ 2000 కన్నా ముందు కాలం నుంచి వస్తున్న లాగిన్ పేరు గడి ఒకటుంది. అందులో 20 అక్షరాలకు మించి పట్టవు. ‘వెంకట సుబ్రహ్మణ్యం’ అని ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీ లేకుండా రాస్తే 19 అవుతాయి. దానికి ఒక చుక్క, ఇంటిపేరు మొదటి అక్షరం కలిపితే 21. పాత డైరెక్టరీలో ఆయన హాయిగా ఉన్నారు. కొత్తదానిలో తోకలోని ఇంటిపేరు అక్షరం తెగిపోయింది. ఆయన మాత్రం అలవాటు ప్రకారం 21 అక్షరాలూ కొడతారు. డైరెక్టరీ ‘అలాంటివారెవరూ లేరు’ అంటుంది. ఆ గడిని ఆధారంగా తీసుకున్న మెయిల్ సర్వర్ ఏదైనా ఇంతే.

మరో రకం లక్ష్మి గార్లది. ఇంగ్లిషులో లక్ష్మిని రాసే తీరు ఒక్కటి కాదు. పదో తరగతి ధ్రువపత్రంలో ఒకలా, సర్వీసు రిజిస్టర్‌లో ఇంకొకలా ఉన్నవారు మా దగ్గర చాలామందే ఉన్నారు. పాత డైరెక్టరీలో రెండు రూపాలనూ మారుపేర్లుగా చేర్చి నెట్టుకొచ్చాం. కొత్త వివరాలను సిబ్బంది విభాగం జాబితా నుంచి ఎక్కించారు కాబట్టి సర్వీసు రిజిస్టర్‌లోని రూపమే మిగిలింది.

ఈ రెండు సందర్భాల్లోనూ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. దరఖాస్తులో ఉద్యోగి సంఖ్య తప్పనిసరి అన్నది ఇందుకే. పేరు ఎటు తెగినా, ఎలా రాసినా ఆ సంఖ్య మారదు.

దరఖాస్తులో ఏం రాయాలి

ఫారం విభాగ కార్యాలయంలోనూ, కంప్యూటర్ కేంద్రం కిటికీ దగ్గరా దొరుకుతుంది. ఒక్క పేజీ. పేరు సర్వీసు రిజిస్టర్‌లో ఉన్నట్టు రాయండి. ఉద్యోగి సంఖ్య (విద్యార్థులైతే హాల్ టికెట్ సంఖ్య), మెయిల్ చిరునామా, కార్యాలయంలో నమోదైన మొబైల్ నంబరు ఇవ్వండి. అసలు ప్రాణం ‘సమస్య వివరణ’ అనే గడిలో ఉంది. ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు రాసినది, వివరాలు తీసేసి, నమూనాగా ఇస్తున్నాం:

‘ఈ నెల 14న ఉదయం 10.20కి బ్రౌజర్‌లో కొత్త పాస్‌వర్డ్‌తో మెయిల్ తెరిచాను, తెరుచుకుంది. 10.35కి ఫోనులోని మెయిల్ యాప్‌లో అదే పాస్‌వర్డ్ ఇచ్చాను. వచ్చిన మెయిళ్లు కనిపిస్తున్నాయి. పంపబోతే 535 5.7.8 అని వస్తోంది. విశ్వవిద్యాలయ వైఫైలోనూ, మొబైల్ డేటాలోనూ అలాగే ఉంది. తెర ఫొటో జతచేశాను.’

ఇంతే. ఈ అయిదారు వాక్యాల్లో మాకు కావలసినదంతా ఉంది. మెయిళ్లు వస్తున్నాయంటే డైరెక్టరీలో ఆమె ఉన్నారు, పాస్‌వర్డ్ సరైనది. రెండు నెట్‌వర్కుల్లోనూ ఒకటే ఫలితం కాబట్టి దారిలో అడ్డమేమీ లేదు. మిగిలింది పంపే సర్వర్ అమరిక. చాలా యాప్‌లలో దానికి విడిగా ఒక పాస్‌వర్డ్ గడి ఉంటుంది, పాతది అక్కడ అలాగే కూర్చుంటుంది. ఫోనులో చెప్పి పది నిమిషాల్లో ముగించాం.

రాయకూడనిది ఒక్కటే, పాస్‌వర్డ్. పాతదీ వద్దు, కొత్తదీ వద్దు, ‘మీ సౌకర్యార్థం’ అని పెన్సిల్‌తో మూలన అసలే వద్దు. అలా వచ్చిన ఫారాన్ని చించేసి, ఖాతాను స్తంభింపజేసి, మళ్లీ కొత్త ఫారం అడుగుతాం. ఆలస్యమైందని అప్పుడు మమ్మల్ని అనవద్దు.

ఎవరి సంతకం, ఎక్కడ ఇవ్వాలి

బోధన, బోధనేతర సిబ్బంది ఫారంపై విభాగాధిపతి సంతకం కావాలి. ఒప్పంద ఉద్యోగులు ఒప్పందం ముగిసే తేదీ కూడా రాయించాలి. కొత్త డైరెక్టరీలో ఖాతాకు ముగింపు తేదీ ఉంటుంది, అది దాటితే 701 అనే సంకేతంతో తలుపు మూసుకుంటుంది. పొడిగింపు ఉత్తర్వు అందినా దాని ప్రతి మాకు చేరకపోవడం వల్లే మూతపడిన ఖాతాలున్నాయి. పదవీ విరమణ చేసినవారు పింఛను పత్రం నకలు జతచేస్తే చాలు, సంతకం కోసం పాత విభాగం మెట్లెక్కనక్కర్లేదు.

ఫారాన్ని గుర్తింపు కార్డుతో స్వయంగా తీసుకురావాలి. ఊళ్లో లేనివారు, విదేశాల్లో పరిశోధనలో ఉన్నవారు విభాగం ద్వారా పంపి, వీడియో కాల్‌లో కార్డు చూపవచ్చు. తాత్కాలిక పాస్‌వర్డ్ మీ చేతికే ఇస్తాం, లేదా నమోదైన మొబైల్‌కు పంపుతాం. సహోద్యోగి చేత పంపమని అడగవద్దు, ఎంత నమ్మకస్తులైనా ఇవ్వం. డైరెక్టరీ మారిందన్న వార్త బయటికి పొక్కగానే ‘మీ ఖాతా నిర్ధారించుకోండి’ అంటూ లింకులతో దొంగ మెయిళ్లు మొదలవుతాయి. మేము లింకు పంపి పాస్‌వర్డ్ అడగం, ఫోను చేసి ఓటీపీ అసలే అడగం.

లాక్ తీసినా మళ్లీ పడుతుంటే

ఒక ఆచార్యుల ఖాతాను నాలుగు రోజుల్లో ఆరుసార్లు తెరిచాం. తెరిచిన గంటలోపే మళ్లీ లాక్. ఆయన తప్పుగా కొట్టడం లేదు, మేమే దగ్గర కూర్చుని చూశాం. చివరికి లాగ్‌లో, విఫలమైన ప్రయత్నాలన్నీ ఇంటి ఇంటర్నెట్ నుంచి, సరిగ్గా పదిహేను నిమిషాలకొకటి వస్తున్నట్టు బయటపడింది. మనవడు బొమ్మలు చూసే పాత టాబ్లెట్‌లో ఆయన మెయిల్ ఎప్పుడో పెట్టుకున్నారు. అది పాత పాస్‌వర్డ్‌ను పట్టుకుని తలుపు కొడుతూనే ఉంది. మెయిల్‌ను టాబ్లెట్ నుంచి తీసేశాక మళ్లీ లాక్ పడలేదు. పాత డైరెక్టరీలో లాక్ నిబంధన పెట్టుకోలేదు కాబట్టి అలాంటి పరికరాల సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. దరఖాస్తు పెట్టే ముందు ఇంట్లో, కార్యాలయంలో, పాత ఫోన్లలో మీ మెయిల్ ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని ఫారానికి జతచేయండి.

ఉదయం పాత పాస్‌వర్డే పనిచేసి మధ్యాహ్నం ఆగిపోయినవారు కంగారు పడకండి. మెయిల్ సర్వర్ ఒకసారి అందిన జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం చెరిగాక కొత్త డైరెక్టరీని అడిగింది, అంతే.

మెయిల్ తెరుచుకుంది, ఉత్తరాలు లేవు

ఇది లాగిన్ సమస్య కాదు గానీ, కారణం అదే. యూజర్‌నేమ్ మారితే మెయిల్ సర్వర్ మిమ్మల్ని కొత్తవారనుకుని ఖాళీ పెట్టె చూపిస్తుంది. పాత పెట్టె పాత పేరుతో భద్రంగా ఉంది. దరఖాస్తుపై ‘ఖాళీ పెట్టె’ అని ఎర్ర సిరాతో రాయండి, ముందు వాటినే చూస్తాం. ఈలోగా ఆ ఖాళీ పెట్టెలో ఫోల్డర్లు సృష్టించవద్దు, ఏదీ తుడిచేయవద్దు. రెండు పెట్టెలనూ కలపాల్సింది మేమే.

యంత్రాల ఖాతాలు

స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్స్ యంత్రం, ఫలితాలు పంపే పరీక్షల విభాగం సాఫ్ట్‌వేర్, గ్రంథాలయం గడువు నోటీసులు: వీటికీ ఖాతాలుంటాయి, వాటికి నోరుండదు. ఇవి ఆగిన సంగతి నెల తర్వాత గానీ ఎవరికీ తెలియదు. వీటికి వేరే ఫారం, విభాగాధిపతి పేరిట. యంత్రం నమూనా, అది ఉన్న గది, దాని నెట్‌వర్క్ చిరునామా, బాధ్యుల పేరు రాయాలి. ఇక నుంచి సొంత ఖాతా పాస్‌వర్డ్‌ను యంత్రంలో పెట్టడం కుదరదు. పెట్టినవారు బదిలీ అయిన రోజే ఆ యంత్రమూ ఆగిపోతుంది.

ప్రభుత్వ మెయిల్ ఉన్నవారు

డిప్యుటేషన్ మీద వచ్చినవారిలో కొందరికి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ ద్వారా ఇచ్చిన ప్రభుత్వ మెయిల్ ఉంటుంది. మా డైరెక్టరీకీ దానికీ సంబంధం లేదు, దాని పాస్‌వర్డ్‌ను మేము మార్చలేం. 1800-111-555 నంబరులోని ఎన్‌ఐసీ సర్వీస్ డెస్కును గానీ, జిల్లాల్లో ఉన్నవారు కలెక్టరేట్‌లోని ఎన్‌ఐసీ జిల్లా కేంద్రాన్ని గానీ సంప్రదించాలి.

ఫారం అందిన రోజే రశీదు సంఖ్య ఇస్తాం. మూడు పనిదినాల్లో కబురు రాకపోతే ఆ సంఖ్యతో సహాయ సంచాలకుల గదికి రండి, మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు. ఖాతా తెరుచుకున్నాక ఒక మెయిల్ పంపి, ఒక మెయిల్ అందుకుని, అప్పుడు రశీదు వెనుక సంతకం చేసి ఇవ్వండి. అందుకోవడం మాత్రమే చూసుకుని సంతకం చేసినవారు మళ్లీ వరుసలో నిలబడుతున్నారు.