సరిహద్దు ఊళ్లో బిడ్డ కనబడకపోతే: థ్రిల్లర్ రాయబోయేవారికి

పర్లాకిమిడి నేపథ్యంగా, అపహరణకు గురైన కొడుకు కోసం వెతికే తండ్రి కథ రాయదలచినవారు ప్రతినాయకుడి కంటే ముందు సరిహద్దు గురించి ఆలోచించాలి. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన ఆ ఊరికి ఆనుకునే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉంది. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు పాతపట్నం దాటగానే ఒడిశాలో అడుగుపెడుతుంది. పెళ్లిళ్లకూ బేరాలకూ జనం రోజూ దాటే ఆ గీత, బిడ్డ కనబడని రోజున రెండు పోలీసు శాఖలుగా, రెండు లిపులుగా అడ్డు నిలుస్తుంది. కథకు కావలసిన బిగువు అక్కడే దొరుకుతుంది.

మొదటి అధ్యాయానికి ముందే ఒక కాగితం మీద గంటల పట్టిక వేసుకోండి. ఒక వరుసలో బిడ్డ ఎక్కడున్నాడో, పక్క వరుసలో తండ్రికి ఆ గంటకు ఏమి తెలుసో రాయండి. ఈ రెండింటి మధ్య దూరం పెరిగే చోట అధ్యాయం ముగించాలి.

పోలీస్ స్టేషన్ ఘట్టానికి ఎక్కువ పేజీలు ఇవ్వండి. "ఇరవై నాలుగు గంటలు చూసి రండి" అని ఎస్సై చేత అనిపిస్తే, అది తప్పని కథలోనే ఎవరైనా చెప్పాలి. తప్పిపోయిన బిడ్డ విషయంలో వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవలసిందే. మీ పాఠకుల్లో ఒక తల్లి ఆ ఎస్సై మాటే నిజమనుకుని రేపు ఒక రోజు పోగొట్టుకోవచ్చు. అసలైన ఆటంకాలు వేరే ఉన్నాయి. పొద్దున కొడుకు వేసుకున్న చొక్కా రంగు అడిగితే, గుండీ తానే పెట్టిన తండ్రికి ఎంతకీ గుర్తుకు రాదు. ఫిర్యాదును ఒడియాలో రాసుకుంటారు. ఒడియా మాట్లాడగలిగినా చదవలేని ఆయన ఇంటిపేరు తప్పుగా పడిందని గమనించకుండానే సంతకం పెడతాడు.

ఈలోగా తల్లి బజారులో ఒక కొట్టు దగ్గర "మా గుంటణ్ణి సూసినారా బావూ?" అని, పక్క కొట్టులో ఒడియాలో అడుగుతూ వెళ్తుంది. ఇక్కడ వర్ణనలు తగ్గించండి.

అనుమానితులుగా కొండల మీది సవర గిరిజనులనో, వలస కూలీలనో నిలబెట్టకండి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు నమ్మి దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ భయాన్ని ఎగదోసే నవల ఎంత ఉత్కంఠగా ఉన్నా నాకు సమ్మతం కాదు. నేరస్థుడికి ఆ ఇంటి వేళలు తెలిసి ఉండాలి, అంతే.

బిడ్డ దొరకగానే తండ్రి ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయినట్టు ముగించడం తొందరపాటు. బాల న్యాయ చట్టం ప్రకారం, కాపాడిన బిడ్డను ప్రయాణ సమయం మినహా ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. ఆ కార్యాలయానికి ఒక పూర్తి అధ్యాయం కేటాయించి, కాగితంలో తప్పుగా పడిన ఇంటిపేరును అక్కడే బయటపెట్టండి. ఆ బిడ్డ తన కొడుకేనని తండ్రి రుజువు చేసుకోవలసి వచ్చేది అప్పుడే.