సమురాయ్ యుద్ధం మూడు టర్నుల్లోనే ముగిసిపోతోందా? రూల్స్‌ని తిట్టే ముందు స్కేలు తీయండి

టేబుల్ మీద చిన్న బొమ్మలతో పాతకాలపు యుద్ధాలు ఆడే వార్‌గేమ్ గురించి ఈ వ్యాసం. దానికి కొత్త రూల్స్ పుస్తకం తెచ్చుకుని, బొమ్మలు సర్దుకుని, ఆదివారం మధ్యాహ్నమంతా ఆడి, సాయంత్రానికల్లా "ఇవి పనికిరావు" అని తేల్చేసేవాళ్లని చాలామందిని చూశాను. ఒకప్పుడు నేనూ అదే బాపతు. సమురాయ్‌ల (పాతకాలపు జపాన్ యోధుల) యుద్ధాల రూల్స్ ఇప్పటికి ఏడెనిమిది రకాలు మా డైనింగ్ టేబుల్ మీద ఆడి చూశాం. వాటిలో నిజంగా చెడ్డవి రెండే. మిగతావాటి విషయంలో మాది ఆడలేక మద్దెల ఓడన్న వ్యవహారమే.

పాచికలు వేయడం, టేపుతో కొలవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఏ రోగమైనా సరే, ముందు ఈ కాగితం

టర్నులో ఏది ముందు, ఏది వెనక అన్నది రూల్‌బుక్ చూసి మీ చేత్తో ఒక కాగితం మీద రాయండి. దాన్ని టేబుల్ మీద పెట్టుకుని ఆడండి. ఇంత చిన్న పని పదిమందికి చెబితే ఒక్కరు చేస్తారు. మిగతా తొమ్మిదిమంది కొత్త పుస్తకం తెరిచి, పాత ఆట ఆడుతుంటారు. మా వాడొకడు గుర్రపు విలుకాళ్లు మరీ బలంగా ఉన్నారని రెండు వారాలు గొడవపెట్టాడు. కాగితం రాయించి చూస్తే, ఆ రూల్స్‌లో కదిలిన దళం అదే టర్నులో బాణం వేయకూడదు. వాడి పాత ఆటలో వేయొచ్చు. అలవాటుగా వేసేస్తున్నాడు. ఎదుటివాడూ పాత ఆట ఆడినవాడే, అడగలేదు.

ఇంకొకటి. ఒక్క ఆట చూసి రూల్ మార్చకండి. అదే యుద్ధాన్ని పక్షాలు మార్చుకుని మళ్లీ ఆడండి. రెండుసార్లూ అదే జరిగితే అప్పుడు కారణం వెతకండి.

లక్షణం: ఎవరూ ముందుకి కదలరు

రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడి, బాణాలు వేసుకుంటూ, టీ చల్లారిపోయేదాకా చూస్తుంటాయి. రూల్స్‌లో తప్పేం లేదు. ముందుకెళ్లడానికి మీ యుద్ధంలో కారణం లేదు, అంతే. 1575 నాటి నగాషినో యుద్ధంలో తకెదా కత్సుయోరి ఊరికే శత్రువు కంచె మీదికి వెళ్లలేదు. తను ముట్టడించిన కోట లొంగలేదు. పైగా ఆ ఉదయమే శత్రుపక్షపు సకాయ్ తదత్సుగు దళం చుట్టూ తిరిగొచ్చి, వెనక తోబిగసు కొండ మీదున్న ముట్టడి స్థావరాలని కొట్టేసింది. వెనక్కి పోతే ఒక ముప్పు, నిలబడితే ఇంకో ముప్పు. మీ ఆటలో కూడా ఒక పక్షానికి అలాంటి తొందర పెట్టండి: ఎనిమిదో టర్నులోపు వాగు దాటకపోతే ఓటమి. మర్నాడే కదులుతారు.

లక్షణం: తుపాకులు అందర్నీ ఊడ్చేస్తున్నాయి

అసలు ఈ వ్యాసం రాస్తున్నదే దీనికోసం. దీని వల్ల మాకు దాదాపు ఆరు నెలలు పాడయ్యాయి.

మేము మొదట వేసింది నగాషినో యుద్ధమే. 1575 జూన్ 28. ఒకవైపు ఓడా నొబునాగా, తొకుగావా ఇయెయాసు. మరోవైపు తకెదా కత్సుయోరి. మధ్యలో రెంగో అనే చిన్న వాగు, దాని అవతల కొయ్య కంచె, కంచె వెనక వత్తి తుపాకులు పట్టిన ఆషిగారులు (మామూలు కాలిబంట్లు). మా దగ్గర 1/72 (అసలు సైజులో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలున్నాయి. పాత శుభలేఖల అట్టలు 6 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, ఒక్కో అట్ట ఒక్కో దళం అనుకున్నాం. రూల్స్ మాత్రం 28 మిల్లీమీటర్ల బొమ్మలకి రాసినవి. వాటిలో దళం వెడల్పు 6 అంగుళాలు. దూరాలన్నీ అంగుళాల్లోనే.

ఈ వెడల్పు తేడా మాకు తెలియక కాదు. "రెండు పక్షాల బేసులూ ఒకే సైజులో ఉంటే చాలు, ఏ సైజైనా ఫరవాలేదు" అన్న వాక్యం చాలా రూల్‌బుక్కుల్లో ఉంటుంది, ఇందులోనూ ఉంది (బేసంటే బొమ్మలు నిలబెట్టే అట్ట). నమ్మేశాం. లెక్క కూడా సరిగ్గానే కనిపించింది. తుపాకీ పరిధి 12 అంగుళాలు, గుర్రం నడక 10 అంగుళాలు. అట్ట చిన్నదైనా పెద్దదైనా గుర్రం తుపాకీ ముందు గడిపే సమయం మారదు కదా!

ఆట మొదలైంది. మూడో టర్నుకి తకెదా సైన్యం లేదు. పక్షాలు మార్చుకుని ఆడాం. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. కానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే అది నగాషినో! తకెదా ఓడిపోవాలి, ఓడిపోతోంది. "చూశావా, రూల్స్ ఎంత బాగా రాశాడో" అని మెచ్చుకున్నాం కూడా. చరిత్రలో ఆ పోరు పొద్దున్నే మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. తకెదా మనుషులు కంచె దాకా వచ్చి కలబడ్డారు. కాబట్టి మూడు టర్నుల్లో, ఒక్కడూ కంచె తాకకుండా ముగిసే నగాషినో అసలు నగాషినో కాదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

తేడా తెలిసింది 1561 నాటి కవనాకజిమా యుద్ధం ఆడినప్పుడు. అక్కడ తుపాకులు పెద్దగా పెట్టలేదు, విల్లులే. అవి కూడా ఊడ్చేశాయి. అప్పుడు మొదలుపెట్టాం మరమ్మతులు. తుపాకీకి 3 పాచికలుంటే 2 చేశాం. నగాషినో బాగుపడినట్టే అనిపించింది. ఇంకో చిన్న యుద్ధంలో రెండే తుపాకీ దళాలుంటే, అవి ఉన్నా లేకపోయినా ఒకటే అయిపోయింది. మళ్లీ 3 చేసి, మందు కూరడానికి ఒక టర్ను ఆగాలన్నాం. ఇలా అతుకుల మీద అతుకులు వేసి నాలుగు పేజీల సవరణలు రాశాం. ఆ నాలుగు పేజీలూ ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి, సిగ్గుపడటానికి.

ఒకరోజు ఏ దళం పరిధిలో ఉందో, ఏది లేదో అని వాదన వచ్చింది. టేపు సరిగ్గా నిలవట్లేదని కుట్టు దారం తెచ్చి, వస్తున్న గుర్రపు దళం మధ్య నుంచి ఒక్కో తుపాకీ దళం మధ్యకీ లాగాం. ఐదు దారాలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఐదూ పరిధిలోనే. రూల్ చూద్దామని పుస్తకం తీస్తే, కాల్పుల పేజీలో బొమ్మ ఉంది. సరిగ్గా ఇదే సన్నివేశం. అందులో గీతలు మూడే.

ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసి ఉంటామో!

లెక్క ఇది. గురి 10 అంగుళాల దూరంలో ఎదురుగా ఉంది, కొలత మధ్య నుంచి మధ్యకి. దళాలు 6 అంగుళాల వెడల్పుంటే పక్క దళం 6 అంగుళాలు జరిగి ఉంటుంది, దాని నుంచి గురికి దూరం 11.7. అందుతుంది. ఆ పైది 12 అంగుళాల పక్కన, దూరం 15.6. అందదు. అంటే మధ్యలో ఒకటి, అటొకటి, ఇటొకటి: మూడు దళాలు కాలుస్తాయి. మా అట్టలు 6 సెంటీమీటర్లు, అంటే 2.36 అంగుళాలు. పక్కది 10.3 దూరంలో, దాని పక్కది 11.1 దూరంలో. రెండూ అందుతాయి. ఆ తర్వాతిదే 12.3 అయ్యి బయటపడుతుంది. మొత్తం ఐదు.

దళానికి 3 పాచికలు, 5 గానీ 6 గానీ పడితే దెబ్బ. సగటున దళానికి ఒక దెబ్బ. 4 దెబ్బలు తిన్న దళం చెదిరిపోతుంది. మూడు దళాలు కాలిస్తే గుర్రాలు 3 దెబ్బలు తిని, కుంటుతూనైనా తర్వాతి టర్నులో కంచె మీద పడతాయి. ఐదు కాలిస్తే 5 దెబ్బలు, దారిలోనే ఆఖరు. తుపాకీ బలం పిసరంత కూడా పెరగలేదు. ఒక గురి మీద ఎన్ని తుపాకులు పోగవుతాయన్నదే పెరిగింది. నడకకీ పరిధికీ మధ్య నిష్పత్తి మారలేదు కాబట్టి ఎవరి కంటికీ ఆనదు.

ఇదే కారణం ఇంకో వేషంలో కూడా వస్తుంది. "ప్రతివాడూ చుట్టూ తిరిగి పక్క నుంచి కొడుతున్నాడు, ఎదురుగా పోరే లేదు" అంటారు. 6 అంగుళాల వెడల్పున్న కాలిబలం 6 అంగుళాలు నడిచి ఎవరి పక్కకీ చేరలేదు. 6 సెంటీమీటర్ల అట్ట అదే 6 అంగుళాలు నడిచిందంటే తనకి రెండున్నర రెట్ల దూరం పోయినట్టు. ఎదుటివాడి పక్క చుట్టి వచ్చేస్తుంది. పెద్ద బల్లేలు పట్టిన ఆషిగారు వరుస అలా పరిగెత్తదు. ఆ యారి బల్లేలు కొన్ని ఆరు మీటర్లకి పైనే ఉండేవి. వాటితో వరుస చెడకుండా తిరగడమే గగనం.

మందు: మీ దళం వెడల్పు కొలవండి. పుస్తకం అనుకున్న వెడల్పు వెతకండి. అది చాలాసార్లు సన్నని అక్షరాల్లో మొదటి పేజీల్లో ఉంటుంది. లేకపోతే ఒక దళంలో ముందు వరుసకి ఎన్ని బొమ్మలో చూసి, బొమ్మ బేసు వెడల్పుతో గుణించండి. రెండూ ఒకటే అయితే మీ సమస్య ఇది కాదు, కిందికి పోండి. తేడా ఉంటే దూరాలన్నీ ఆ నిష్పత్తిలో తగ్గించండి. మా 6 సెంటీమీటర్ల అట్టలకి పని మరీ సులువైంది: పుస్తకంలో అంగుళం అన్నచోటల్లా సెంటీమీటర్ అని చదువుకున్నాం. మీవి 4 సెంటీమీటర్లయితే అట్టముక్క మీద ఆ లెక్కన గీతలు గీసి సొంత కొలబద్ద చేసుకోండి. తలలో గుణకారాలు చేస్తూ ఆడితే నాలుగో టర్నుకి ఎవరో ఒకరు తప్పుతారు.

"అన్నీ" అంటే అన్నీ. పరిధి ఒక్కటి తగ్గించి నడక వదిలేస్తే గుర్రాలు తుపాకీ పేలకముందే వచ్చి పడతాయి. అప్పుడు ఇంకో రకం ఫిర్యాదు మొదలవుతుంది. సేనాపతి ఆజ్ఞ వినిపించే దూరం, కొండల సైజు, వాగు వెడల్పు, మొదట్లో సైన్యాల మధ్య ఖాళీ, ఆఖరికి టేబుల్ కూడా తగ్గాలి. 72 × 48 అంగుళాల టేబుల్ అడిగితే మీకు 72 × 48 సెంటీమీటర్లు చాలు. దారంతో హద్దు వేసుకోండి. మిగతా సగం టేబుల్ మీద ఇంట్లోవాళ్లు భోజనం చేసుకోవచ్చు, అదొక లాభం.

టేబుల్ పెద్దదే ఉంది, తగ్గించడం ఇష్టం లేదంటే ఎదురు దారి ఉంది. రెండు మూడు అట్టలు ఒక పలక మీద పక్కపక్కనే పెట్టి, ఆ పలకనే ఒక దళం అనుకోండి. చూడ్డానికి ఇదే బావుంటుంది. కాకపోతే బొమ్మలు రెండు మూడు రెట్లు కావాలి.

సరిచేశాక ఆట మొదలుపెట్టకముందే దారం పరీక్ష చేయండి. పుస్తకంలో ఎన్ని గీతలో, మీ టేబుల్ మీద అన్నే దారాలు అందాలి.

లక్షణం: ఒక దళం పారిపోతే సైన్యమంతా పారిపోతోంది

చాలాసార్లు మొరేల్ పరీక్ష (దళం ధైర్యం నిలుస్తుందో లేదో పాచికతో తేల్చేది) ఎక్కువసార్లు చేస్తున్నారు. దెబ్బ పడినప్పుడల్లా పాచిక వేస్తారు. పుస్తకం బహుశా ఆ దశ చివర్లో ఒక్కసారే వేయమంటుంది. కాగితం రాసుకుంటే ఇది ఉండేది కాదు.

సేనాపతి చనిపోతే అందరూ పారిపోవాలా అన్నది మాత్రం యుద్ధాన్ని బట్టి. 1560లో ఒకెహజమా యుద్ధంలో సేనాపతి ఇమగావా యోషిమొతో తల తెగాక అంత పెద్ద సైన్యమూ చెదిరిపోయింది. కవనాకజిమాలో తకెదా సేనాపతి షింగెన్ తమ్ముడు నొబుషిగె చచ్చిపోయినా, సైజో కొండ వైపు వెళ్లిన దళం తిరిగొచ్చేదాకా తకెదా వరుస నిలబడింది. పెద్ద దొర పోవడం వేరు, ఒక పక్క నాయకుడు పోవడం వేరు. మీ రూల్స్ రెంటికీ ఒకే పట్టిక ఇస్తే, కింది నాయకులకి దాన్ని వాళ్ల దళాల వరకే వాడండి.

లక్షణం: ఆట తెల్లారేదాకా సాగుతోంది

మొదటి ప్రయత్నానికే సెకిగహార పెట్టుంటారు. పెట్టకండి. 1600 నాటి ఆ యుద్ధంలో సగం కథ ఎవరు ఎప్పుడు పక్షం మారతారన్నదే. కొబయకవా హిదెయాకి కొండ మీద కూర్చుని ఎటు దిగుతాడో తేల్చే రూల్ ఒకటి, నాంగు కొండ దగ్గర మోరి సైన్యం కదలకుండా ఉండిపోయే రూల్ ఇంకొకటి. అసలు రూల్స్ ఎలా ఉన్నాయో ఇందులో ఏం తెలుస్తుంది? పక్షానికి ఆరు దళాలు, ఒక కొండ, ఒక వాగు. అంతే పెట్టి రెండుసార్లు ఆడండి.

లక్షణం: ఇద్దరు వీరుల ద్వంద్వంతోనే ఆట తేలిపోతోంది

వీరుడి పాచికలు దళం పాచికలకి కలుపుతున్నారేమో చూడండి. ద్వంద్వంలో వాడాల్సినవి ద్వంద్వంలోనే. అప్పటికీ అలాగే ఉంటే ఆ రూల్ తీసేయండి, ఆటకి నష్టం లేదు.

మిగతావి

పాచికలు సరిగ్గా లేవంటారు. మార్చి చూడండి, తేడా ఉండదు. పుస్తకంలో అచ్చుతప్పు ఉంటే పట్టిక పక్కన పెన్సిల్‌తో దిద్దుకోండి. గుడ్డ జారి కొలతలు తప్పుతున్నాయంటే నాలుగు మూలలా క్లిప్పులు పెట్టండి.