కాటా లేకుండా గ్రాముల్ని గ్లాసుల్లోకి మార్చుకోవడం ఎలా

పోయిన ఎండాకాలం మొదటిసారి నేనొక్కదాన్నే ఆవకాయ పెట్టాను. రాసుకున్న కాగితంలో కేజీ ముక్కలకి కారం, ఆవపిండి, ఉప్పు తలా 200 గ్రాములు అని ఉంది, బరువు ఒకటే కదా అని స్టీలు గ్లాసుతో మూడూ రెండేసి గ్లాసులు పోసి కలిపేశా. మూడో రోజు తిరగేసి నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. మళ్ళీ పటమట రైతుబజార్‌కి పరిగెత్తి కాయలు తెచ్చి, కారం, ఆవపిండి ఇంకా కలిపితే గానీ దారికి రాలేదు.

కారం తేలిక, ఉప్పు బరువు, అదీ సంగతి. అదే 200 ఎంఎల్ గ్లాసులో కారం 90 గ్రాములే పడుతుంది, మెత్తటి ఉప్పు మాత్రం దాదాపు 240. అంటే కారం రెండు గ్లాసుల పైచిలుకు కావాలి, ఉప్పేమో గ్లాసు కూడా నిండక్కర్లేదు.

అందుకని ముందు మీ గ్లాసు ఎంతదో తెలుసుకోండి. లీటర్ వాటర్ బాటిల్ నిండా నీళ్ళు తీసుకుని గ్లాసు అంచుదాకా పోస్తూ లెక్కపెట్టండి, అయిదు గ్లాసులొస్తే 200 ఎంఎల్, నాలుగొస్తే 250. నీళ్ళు లీటరంటే కేజీయే, కానీ మిగతావి అలా కాదు, నూనె ప్యాకెట్ మీద చూడండి, లీటరు పక్కనే 910 గ్రాములని ఉంటుంది.

200 ఎంఎల్ గ్లాసుకి నా లెక్క సుమారుగా ఇదీ: బియ్యం, పంచదార, మినప్పప్పు 165 నుంచి 170 గ్రాములు, బొంబాయి రవ్వ 140, మైదా గానీ గోధుమపిండి గానీ 100, నూనె 180, తేనె 280. రెసిపీలో అడిగిన గ్రాముల్ని ఈ అంకెతో భాగిస్తే ఎన్ని గ్లాసులో వచ్చేస్తుంది. కేక్‌కి మైదా 250 అన్నారనుకోండి, రెండున్నర గ్లాసులు.

పిండి దగ్గర మాత్రం జాగ్రత్త. డబ్బాలో గ్లాసు ముంచి తీస్తే కూరుకుపోయి పాతిక గ్రాములు ఎక్కువొచ్చేస్తుంది, కేక్ గట్టిగా అయిపోయేది అందుకే. జల్లించి, స్పూన్‌తో గ్లాసులో వదులుగా వేసి, పైన చాకు వెనక వైపుతో సమానంగా తోసేయండి, గ్లాసుని బండ మీద తట్టొద్దు. మర ఆడించిన కారం కూడా అంతే, అదిమితే లెక్క మారిపోతుంది.

నా అంకెలు కూడా నమ్మక్కర్లేదు అసలు, ఈసారి అరకేజీ ప్యాకెట్ విప్పినప్పుడు డబ్బాలో పోసే ముందు మీ గ్లాసుతో కొలిచి ఎన్ని వచ్చాయో డబ్బా మూత మీద రాసేసుకోండి, మీ ఇంటి లెక్క మీకు వచ్చేస్తుంది.

మా అత్తయ్యది సోల లెక్క, నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అదంతా కొలపాత్ర లెక్కే కాబట్టి ఆవిడ ఉప్పు ముప్పావు సోల అంటే సోలతోనే కొలవాలి, గ్రాముల్లోకి తిప్పక్కర్లేదు. "గ్రాములు సగం, సోలలు సగం కలపకమ్మాయ్" అంటుంది, నిజమే, పచ్చడి పాడయ్యేది అక్కడే.

బెల్లానికి మాత్రం ఈ గ్లాసులేం పనిచేయవు, తురిమితే ఒకలా, దంచితే ఒకలా పడుతుంది. అరిసెలకి ఎంత కావాలో కొట్లోనే అంతకి తూయించి విడిగా కట్టించుకోండి.