ఇంట్లో పెద్దల అలారం – 5వ పాఠం: రిపీటర్‌కు చోటు వెతకడం

పోయిన పాఠంలో మెడ బటన్ (పెద్దలు పడిపోతే సాయం కోసం ఒత్తేది) వేసుకుని ఇల్లంతా తిరగమన్నాను. ఎక్కడ ఒత్తితే బేస్ డబ్బాకు (బటన్ సిగ్నల్ విని ఇంట్లోవాళ్లకు ఫోను చేసేది) అందుతుందో, ఎక్కడ అందదో ఒక కాగితం మీద రాసుకోమన్నాను. చాలామందే రాసి పంపారు. అందులో సగం కాగితాల మీద అన్నిచోట్లా టిక్కులే. స్లాబు మీది గదికి టిక్కు, దొడ్లో బాత్రూంకు టిక్కు, గేటు బయట వేపచెట్టు కింద కూడా టిక్కు. ఇంత మంచి ఇళ్లు వరంగల్‌లో ఎక్కడున్నాయో నాకైతే తెలియదు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ఒత్తంగనే ఎర్ర లైటు వెలిగింది గద సార్!"

ఆ ఎర్ర లైటు బటన్‌ది. బటన్‌లో బ్యాటరీ ఉందనీ, సిగ్నల్ పంపిందనీ చెప్పడంతో దాని పని అయిపోతుంది. బేస్ విన్నదో లేదో ఆ లైటుకు తెలిసే దారి లేదు, ఎందుకంటే మనం వాడుతున్న రకం బటన్లు సిగ్నల్ పంపుతాయే గానీ తీసుకోవు. విన్నానని చెప్పాల్సింది బేస్. అది బీప్ కొట్టాలి, ఫోను డయల్ చేయడం మొదలుపెట్టాలి. కాబట్టి బటన్ దగ్గర ఒకరు, బేస్ దగ్గర ఒకరు నిలబడాలి. ఒక్కరే చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. ఆ కాగితాలు చింపేసి మళ్లీ తిరగండి.

పరీక్ష సరిగ్గా చేసినవాళ్లూ ఉన్నారు. బాత్రూంలో అందడం లేదని కనిపెట్టారు. పాఠం వచ్చేదాకా ఆగలేక రిపీటర్ (బటన్ సిగ్నల్‌ను విని బేస్‌కు మళ్లీ పంపే డబ్బా) కొన్నారు, తీసుకెళ్లి బాత్రూంలోనే బిగించారు! ఒకరు గీజర్ పక్కన, ఒకరు తలుపు పైన సజ్జ మీద. ఆ తర్వాత "రిపీటర్ పెట్టినా ఫోను పోతలేదు, డబ్బా ఖరాబున్నదా?" అని అడిగారు. డబ్బా బాగానే ఉంది. ఈ పాఠంలో ప్రోగ్రామింగ్ (బటన్‌ను, రిపీటర్‌ను బేస్‌కు కలపడం) చెబుదామనుకున్నాను గానీ, ఈ సంగతి తేలకుండా అది చెప్పి లాభం లేదు. నిజానికి ప్రోగ్రామింగ్‌లో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, డబ్బాలో వచ్చిన కాగితం చూసి చేసుకోవచ్చు. వరస మాత్రం తప్పొద్దు. ముందు బటన్‌ను బేస్‌కు కలపండి, అది పనిచేశాకే రిపీటర్‌ను కలపండి.

రిపీటర్ చేసే పని చిన్నది. బటన్ పంపిన సిగ్నల్‌ను వింటుంది, కోడ్ సరైనదో కాదో చూసుకుంటుంది, ఒక్క క్షణం ఆగి అదే సిగ్నల్‌ను తన బలంతో మళ్లీ పంపుతుంది. తాను విననిదాన్ని పంపలేదు. మాటలను కూడా మోయదు. బాత్రూంలో పడ్డ మనిషి ఒత్తిన అలారం రిపీటర్ మీదుగా బేస్‌కు చేరుతుంది గానీ, ఆ తర్వాత కొడుకు ఫోనులో "బాపూ, ఏమైంది?" అని అడిగితే ఆ మాట హాల్లో ఉన్న బేస్ స్పీకర్‌లోనే వినిపిస్తుంది. ఇది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. బదులు రాకపోతే మనిషి పడిపోయాడనే అనుకోవాలి, ఊరికే ఒత్తాడని అనుకుని ఫోను పెట్టేయకూడదు.

ఇక నాకు కోపం తెప్పించే సంగతి. చెలక ఆ కొసన ఉన్న మనిషి పిలిస్తే ఇంటిదాకా వినపడదనుకోండి. నడుమ ఒకరిని నిలబెట్టి, విని మళ్లీ కేకేయమంటాం. ఆ నడుమ మనిషిని తీసుకెళ్లి పిలిచేవాడి పక్కనే నిలబెడితే? పిలుపు చక్కగా వింటాడు. కానీ అక్కణ్నుంచి మొదటివాడి గొంతే ఇంటికి అందనప్పుడు వీడిది మాత్రం ఎలా అందుతుంది? పోనీ ఇంటి గడపలో నిలబెడదామా అంటే, వాడి కేక ఇంట్లోకి బ్రహ్మాండంగా వినపడుతుంది గానీ వాడికి పొలంలోని పిలుపు వినపడదు. బాత్రూంలో బిగించినవాళ్లు మొదటి తప్పు చేశారు. టీవీ స్టాండు మీద బేస్ పక్కనే ఖాళీ సాకెట్ ఉందని అక్కడ పెట్టినవాళ్లు రెండోది చేశారు. సిగ్నల్ అందని చోట రిపీటర్ పెట్టకూడదు. అందని చోటికి ఇవతల, ఇంకా బాగా అందుతున్న చోట పెట్టాలి.

అలాగని టేపు పట్టి కొలిచి సరిగ్గా సగం దూరంలో పెట్టమని కాదు. బటన్ బలహీనమైనది. దాని యాంటెనా గోరంత ఉంటుంది, పైగా ఒంటికి ఆనుకుని ఉంటుంది. మనిషి ఒళ్లంటే ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లు ఈ రేడియో తరంగాలను తాగేస్తాయి. రిపీటర్‌కు కరెంటు ఉంది, మంచి యాంటెనా ఉంది, గోడ మీద ఎత్తులో ఉంటుంది. అందుకే సగం కంటే కాస్త బటన్ వైపు జరిపి వెతకడం మొదలుపెట్టండి.

గిర్మాజీపేటలో ఒక పాత ఇల్లు చెబుతాను. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు వీధి, వెనక దొడ్డి, దొడ్లో బాత్రూం. నడుమ మూడు అర్రలు, రెండడుగుల మందం మట్టిగోడలు. నడిమి అర్రలో గోడ పొడుగునా రెండు ఇనుప బీరువాలు. బేస్ ముందు అర్రలో ఉంది. మట్టిగోడ కొంత మింగినా కొంత వదులుతుంది, బీరువా ఏమీ వదలదు. ఇలాంటి ఇంట్లో గోడల గుండా దారి వెతకడం దండగ. పాత ఇళ్లలో దర్వాజలన్నీ ఒకే వరసలో ఉంటాయి కదా, వీధి గుమ్మంలో నిలబడితే దొడ్డి కనిపిస్తుంది. సిగ్నల్‌కు కూడా అదే దారి. వెనక వసారాలో, ఆ దర్వాజల వరస కనిపించేచోట, బాత్రూం తలుపు కూడా కనిపించేలా గోడకు ఆరడుగుల ఎత్తున పెడితే రెండు వైపులా అందింది. రాత్రి తలుపులు వేసినా ఇబ్బంది లేదు, ఎండిన చెక్క పెద్దగా అడ్డుకోదు. ఇనుప షట్టర్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది.

హంటర్ రోడ్డు వైపు కొత్తగా కడుతున్న డూప్లెక్సుల్లో అడ్డు స్లాబే. రాడ్ల జాలీ, దాని మీద కాంక్రీటు, మీద గ్రానైటు. అక్కడ సిగ్నల్ మెట్ల సందులోంచే దిగుతుంది. మెట్లు మలుపు తిరిగే చోట గోడకు పెట్టండి, వేరే చోటు వెతకక్కర్లేదు.

పొలం దగ్గర నాలుగు దిక్కులా రేకులే ఉన్న షెడ్డులో ముసలాయన పడుకుంటాడు, అక్కడికి ఎలా అని పరకాల వైపు నుంచి అడిగారు. రేకుల డబ్బాలోకి రిపీటర్‌తో సిగ్నల్ లాగడం కంటే, సిమ్ వేసిన ఇంకో బేస్‌ను షెడ్డులోనే పెట్టడం మేలు.

చోటు అనుకోగానే డ్రిల్లు తీయకండి. మన సెట్టు పనిచేసేది 866 మెగాహెర్ట్జ్ దగ్గర. అంటే ఒక తరంగం పొడవు 35 సెంటీమీటర్లు ఉంటుంది. గోడలకు, బీరువాకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి చంపుకునే చోట్లు దాదాపు 17 సెంటీమీటర్లకు ఒకటి పడుతుంటాయి, అంటే జానెడుకు కాస్త తక్కువ. ఒకే గోడ మీద ఒకచోట పదిసార్లు ఒత్తితే మూడుసార్లు అందుతుంది, బెత్తెడు పక్కకు జరిపితే పదికి పది అందుతుంది. నేనైతే రిపీటర్‌ను గుడ్డ సంచిలో వేసి మేకుకు తగిలిస్తాను. దాని లోపలి బ్యాటరీ మీదే నడిపిస్తూ మేకు నుంచి మేకుకు మారుస్తాను, చోటు తేలాకే స్క్రూలు. ఫ్రిజ్‌కు, ఇన్వర్టర్‌కు, టీవీకి కనీసం మూడడుగుల దూరం ఉంచండి.

పరీక్షలో మళ్లీ ఒక మోసం ఉంది. రిపీటర్ పెట్టారు, బాత్రూంలోంచి ఒత్తారు, బేస్ బీప్ కొట్టింది, సంబరపడ్డారు. ఆ బీప్ ఎవరి వల్ల వచ్చింది? తలుపు తెరిచి ఉండటంతో బటన్ సిగ్నలే నేరుగా అందిందేమో. కాబట్టి ముందు రిపీటర్‌ను పూర్తిగా ఆపండి, అంటే లోపలి బ్యాటరీ కూడా తీయాలి. బాత్రూం తలుపు వేసి, బటన్ మెడలో ఉండగానే గచ్చు మీద బోర్లా పడుకుని ఒత్తండి. బేస్ పలకకూడదు. ఇప్పుడు రిపీటర్ వేసి అలాగే పడుకుని ఒత్తండి. ఈసారి పలకాలి. రెండుసార్లూ పలికితే రిపీటర్ గురించి మీకు ఏమీ తెలియలేదన్నట్టే. బటన్‌ను చేత్తో పైకెత్తి పట్టుకుని ఒత్తిన పరీక్ష చెల్లదు. పడ్డ మనిషి చెయ్యెత్తి పట్టుకోడు.

కరెంటు సంగతి. మన ఇళ్లలో ప్రతి సాకెట్‌కూ పక్కన స్విచ్చు ఉంటుంది, ప్రతి ఇంట్లో పడుకునే ముందు అన్ని స్విచ్చులూ కట్టేసే మనిషి ఒకరుంటారు. సాధారణంగా ఆ మనిషి మెడలోనే మన బటన్ ఉంటుంది. "ఊకెనే కరెంటు కాలుతది" అని అవ్వ రోజూ రాత్రి ఆపేస్తుంటే లోపలి బ్యాటరీ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, తర్వాత అదీ చేతులెత్తేస్తుంది. స్విచ్చు మీద టేపు అంటిస్తే ఊడదీస్తారు, చూశాను. ఎలక్ట్రీషియన్‌తో స్విచ్చు లేకుండా నేరుగా సాకెట్‌కు లైను ఇప్పించండి, అది ఇన్వర్టర్ లైను అయితే ఇంకా మంచిది. తర్వాత మెయిన్ ఆపి, రిపీటర్‌కు కరెంటు పోయిందన్న హెచ్చరిక బేస్‌లో వస్తుందో లేదో చూడండి. ఆ హెచ్చరిక పంపని రిపీటర్ అయితే నేను కొనను, ధర ఎంత తక్కువైనా సరే.

లండన్ నుంచి కూతురు పంపిన సెట్టు ఉంది, దానికి రిపీటర్ ఎక్కడ దొరుకుతుందని ఇద్దరు ముగ్గురు అడిగారు. దాన్ని అటకెక్కించండి. యూరప్‌లో ఈ అలారాలకు ప్రత్యేకంగా కేటాయించింది 869.20 నుంచి 869.25 మెగాహెర్ట్జ్. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి చిన్న పరికరాలు వాడుకోవడానికి 2005లో 865 నుంచి 867 దాకా ఇచ్చారు, 2021లో దాన్ని 868 దాకా పెంచారు. 869 నుంచి పైన మన దగ్గర మొబైల్ టవర్లు ఫోన్లకు పంపే సిగ్నల్ నడుస్తుంటుంది. 10 మిల్లీవాట్ల బటన్ ఆ టవర్ హోరులో ఎక్కడ వినపడుతుంది? వినపడినా, ఆ చోటు మనది కాదు.

కొనబోయే ముందు ఇంకొక్క మాట. రిపీటర్ లేకుండా పని జరిగితే అదే అన్నిటికంటే మంచిది, ఎందుకంటే చెడిపోయే డబ్బా ఒకటి తగ్గుతుంది. బేస్‌ను టీవీ వెనకనుంచి తీసి, ఇంటి నడుమ, ఛాతీకి పై ఎత్తులో గోడకు పెట్టి చూడండి. సగం ఇళ్లకు అంతకంటే అక్కర్లేదు. బీరువా మీద మాత్రం పెట్టకండి.

అభ్యాసం: ఇంటి పటం గీయండి. దొడ్డి, మెట్లు, డాబా, గేటు అన్నీ రావాలి. ప్రతి చోటా నిలబడి పదిసార్లు, నేల మీద పడుకుని పదిసార్లు ఒత్తాలి. తలుపులన్నీ వేసి, ఫ్యాన్లు, టీవీ నడుస్తుండగా చేయాలి. పదికి ఎన్ని అందాయో పటం మీద అంకె వేయండి, టిక్కు మార్కులు వద్దు. తొమ్మిది వచ్చిన చోటు ఫెయిల్ కిందే లెక్క. రిపీటర్ లేకుండా ఒక పటం, ఉండగా ఒక పటం. గట్టి వాన కురిసి గోడలు నాని ఉన్న రోజున రెండూ మళ్లీ చేయండి, తడి గోడ పొడి గోడ కంటే ఎక్కువ మింగుతుంది.

ఒత్తడం మొదలుపెట్టే ముందు బేస్ లిస్టులో ఉన్న నంబర్లవాళ్లందరికీ ఫోను చేసి చెప్పండి, లేదా బేస్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టండి. పోయినసారి ఒకరు ఇది మరిచిపోతే దుబాయ్‌లో ఉన్న కొడుకు పక్కింటివాళ్లతో తలుపు పగలగొట్టించాడు.