కిలోమీటర్లు తిరిగిన హైబ్రిడ్ బండి – పాఠం 3: పెద్ద బ్యాటరీకి గాలి ఆడుతోందా?

పోయిన పాఠంలో ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని రీడింగులు ఫోన్‌కు పంపే చిన్న పరికరం) తగిలించి ఫోన్‌లో బ్యాటరీ రీడింగులు చదవడం నేర్చుకున్నాం. ఈసారి కూడా అది దగ్గర పెట్టుకోండి. లక్షన్నర కిలోమీటర్లు దాటిన బండి చేతికొస్తే ఇంజిన్ ఆయిల్ కంటే ముందు ఈ పాఠంలోని పని చేయాలన్నది మా గట్టి అభిప్రాయం. ఆయిల్ మార్చే తేదీని షెడ్డువాళ్లు గుర్తుచేస్తారు. వెనక సీటు పక్కనున్న అరచేతంత జాలీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆ జాలీలోంచే పెద్ద బ్యాటరీ, అంటే హైబ్రిడ్ బండిలో మోటారుకు కరెంటిచ్చే బ్యాటరీ, గాలి పీల్చుకుంటుంది. కొన్ని మోడళ్లలో అది సీటు కింద ఉంటుంది, మీ బండి మాన్యువల్లో బొమ్మ చూసి పోల్చుకోండి. లోపలికి పోయేది బయటి గాలి కాదు, మనం కూర్చున్న క్యాబిన్‌లోని గాలి. జాలీ వెనక (చాలా మోడళ్లలో) ఫిల్టర్, దాని వెనక గొట్టం, ఆ తర్వాత చిన్న ఫ్యాన్ ఉంటాయి. ఈ దారిలో ఎక్కడ మూసుకుపోయినా బ్యాటరీ ఉడుకుతుంది.

మూడో తరం ప్రియస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని పెద్ద బ్యాటరీలో 7.2 వోల్టుల మాడ్యూళ్లు (సెల్స్ కట్టలు) 28 వరుసగా కలిపితే 201.6 వోల్టులు. నడుమ ఉన్న మాడ్యూళ్లకు రెండు పక్కలా వేడి పొరుగే, కాబట్టి గాలి తగ్గినప్పుడు ముందు దెబ్బతినేవి అవే. వేడికి ఒక సెల్ బలం తగ్గితే అది మిగతావాటికన్నా ముందే నిండుతుంది, ముందే ఖాళీ అవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి గనుక ఆ ఒక్కటి మొత్తం ప్యాక్‌ను కిందికి లాగుతుంది. చివరికి డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం, స్కానర్‌లో పీ0ఏ80 కోడ్, అంటే బ్యాటరీ ప్యాక్ మార్చమని. అప్పుడు ఫిల్టర్ శుభ్రం చేసినా ఫాయిదా లేదు.

మన దగ్గర దుమ్ము కూడా అన్నిచోట్లా ఒక తీరుగా ఉండదు. దీపావళి నుంచి సంక్రాంతి దాటేదాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగు మిల్లుల దారుల్లో తిరిగే బండ్లకు పత్తి నూగు పడుతుంది. ఇది జాలీ మీద పొరలా అల్లుకుని మిగతా దుమ్మును పట్టి ఉంచుతుంది, అందుకే అన్నిటికంటే ఇదే చెడ్డది. భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గుపొడి. కరీంనగర్ క్వారీల దగ్గర గ్రానైట్ పొడి. మేడారం జాతర ట్రిప్పులు కొట్టిన బండికైతే ఎర్రదుమ్ముతో పాటు ఇంకో తిప్పలు: వెనక సీటులో పేర్చిన బెల్లం దిమ్మలు, సంచులు జాలీకి అడ్డంగా పడి గంటలకొద్దీ గాలి ఆపేస్తాయి. కిరాయి బండ్ల సీట్లమీద కప్పే తువ్వాళ్లూ అంతే.

ముందు కొలవండి. ఏసీ వేసి, వరంగల్ నుంచి జాతీయ రహదారి మీద స్టేషన్ ఘన్‌పూర్ వైపు అరగంట నడపండి. బండి ఆపి బ్యాటరీ ఉష్ణోగ్రతలు చూడండి. చాలా మోడళ్లలో మూడు సెన్సార్లు కనిపిస్తాయి. 40 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే నిశ్చింత. 45 దాటి అక్కడే నిలబడితే గాలిదారి చూడాల్సిందే. మూడింటి మధ్య తేడా 5 డిగ్రీలు మించితే గాలి అంతటా సమంగా పోవడం లేదని అనుమానించండి. అడాప్టర్ లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. పాటలు ఆపి, ఏసీ ఫ్యాన్ తగ్గించి, టిష్యూ కాగితం సన్నగా చింపి జాలీ ముందు పట్టండి. లోపల ఫ్యాన్ తిరిగే చప్పుడు వినపడుతున్నా కాగితం జాలీకి అతుక్కోకపోతే ఫిల్టరో, ఫ్యాన్ రెక్కలో పూడిపోయినట్టే.

ఫిల్టర్ శుభ్రం చేయడం ఎవరైనా చేసుకోవచ్చు. బండి పూర్తిగా ఆఫ్ చేసి ముందు జాలీ పైనంతా వాక్యూమ్ క్లీనర్ తిప్పండి, లేకపోతే జాలీ ఊడదీసేటప్పుడు ఆ నూగంతా లోపలికి రాలుతుంది. జాలీ ప్లాస్టిక్ కొక్కేలను స్క్రూ డ్రైవర్‌తో పొడవొద్దు, ప్లాస్టిక్ పట్టీతో అంచు నుంచి మెల్లగా లేపండి. ఫిల్టర్ బయటికి తీసి, లోపలి వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టండి. నీళ్లు వద్దు. తడి ఫిల్టర్ బిగిస్తే ఆ చెమ్మ నేరుగా బ్యాటరీ మీదికి పోతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. ఫిల్టర్ తీయకుండానే పంక్చర్ షాపు కంప్రెషర్ గొట్టం జాలీలో పెట్టి కొట్టేస్తారు. జాలీ తెల్లగా మెరుస్తుంది, కానీ నూగంతా మాడ్యూళ్ల సందుల్లోకి పోయి కూర్చుంటుంది. దాన్ని తీయాలంటే ప్యాక్ దించాలి.

ఫ్యాన్ తీసే పని వేరు, అక్కడ 200 వోల్టుల పక్కన చేతులు పెడతాం. 1000 వోల్టుల ఇన్సులేటెడ్ గ్లౌజులు లేకపోతే ఈ భాగం చదివి, పని షెడ్డువాళ్లతో దగ్గరుండి చేయించండి. వరుస ఇది: తాళం బండికి దూరంగా ఇంట్లో పెట్టాలి. 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు 10 నంబర్ పానాతో విప్పాలి. ఆ బ్యాటరీ డిక్కీలో ఉన్న బండి అయితే డిక్కీ తలుపు మూయొద్దు, కరెంటు లేక మళ్లీ తెరుచుకోదు. గ్లౌజులు వేసుకుని పెద్ద బ్యాటరీ కరెంటును తెంచే నారింజరంగు సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకోవాలి, వేరెవరూ పొరపాటున బిగించకుండా. ఆపైన 10 నిమిషాలు ఆగాలి, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టె) కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి దిగడానికి. నారింజరంగు వైర్ల జోలికి అసలే పోవద్దు.

ఫ్యాన్ బయటికొచ్చాక టార్చి వేసి రెక్కల లోపలి వంపు చూడండి. వెలుపలి వైపు నల్లగా నున్నగానే ఉంటుంది. లోపలి వంపులో బూడిదరంగు దుమ్ము కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. రెక్కల వంపు పూడిపోతే ఫ్యాన్ తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, గాలి మాత్రం తోయదు. అంగుళం వెడల్పు మెత్తటి పెయింటు బ్రష్‌తో ఒక్కో రెక్కా తుడుస్తూ, పక్కనే వాక్యూమ్ పట్టుకోండి. దీనికీ కంప్రెషర్ గాలి వద్దు, ఆ వేగానికి బేరింగు పాడవుతుంది. వేలితో తిప్పినప్పుడు గరగరమంటే ఫ్యాన్ మార్చడమే నయం.

తిరిగి బిగించేటప్పుడు మూడుచోట్ల తప్పుతారు. గొట్టం అంచు సరిగ్గా కూర్చోకపోతే ఫ్యాన్ పక్కసందులోంచి గాలి లాగుతుంది, బ్యాటరీకి చల్లదనం అందదు. ఫ్యాన్ కనెక్టర్ టిక్కుమనేదాకా నొక్కకపోతే ఫ్యాన్ లోపం చూపే పీ0ఏ82 కోడ్ వస్తుంది. సర్వీస్ ప్లగ్ హ్యాండిల్ చివరి లాక్ దాకా జరపకపోతే బండి రెడీ మోడ్‌కు (కదలడానికి సిద్ధమైన స్థితికి) రాదు, భయపడి టోయింగ్ పిలిచే ముందు అది చూసుకోండి.

ఎంత తరచుగా? ఫిల్టర్ 10,000 కిలోమీటర్లకోసారి. పత్తి సీజన్‌లో, బొగ్గు ప్రాంతంలో 5,000కే. ఫ్యాన్ 50,000కోసారి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికైతే వెంటనే, పాత ఓనరు ఏం చెప్పినా సరే. మే నెల ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలన్నీ దించి రెండు నిమిషాలు వేడి గాలి పోనివ్వండి, తర్వాత ఏసీ వేయండి. లేకపోతే బ్యాటరీ పీల్చేది ఆ కొలిమి గాలినే.

అభ్యాసం: శుభ్రం చేయకముందు, చేశాక, అదే దారిలో అదే సమయానికి అరగంట నడిపి మూడు సెన్సార్ల రీడింగులు, బయటి ఎండ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. పాఠం 4లో ఇన్వర్టర్ కూలెంటు, దాని పంపు చూసేటప్పుడు ఆ కాగితంతో పని ఉంది.