రెండు రెపోల్లో ఏది వేగం? మీ మెషిన్ మీద మీరే తేల్చుకోండి

కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఒకే ప్రోగ్రామింగ్ పజిల్‌కి పది రెపోలు (కోడ్ ప్రాజెక్టులు) దొరుకుతాయి. ఒకదాని రీడ్‌మీ (పరిచయ ఫైలు) 0.4 సెకన్లంటుంది, ఇంకోటి 40 మిల్లీసెకన్లంటుంది. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటం దండగ. ఏ మెషిన్, ఏ కంపైలర్, ఎంత ఇన్‌పుట్ అన్నది రాయకపోతే అది ప్రచారం, కొలత కాదు. పక్కన రాకెట్ బొమ్మ కూడా ఉంటే మరీ జాగ్రత్త. మీ మెషిన్ మీద మీరే కొలవాలి. దానికన్నా ముందు రెండు ప్రోగ్రాములూ ఒకే పని చేస్తున్నాయో లేదో చూడాలి. పోలికలు ఎక్కువగా చెడేది అక్కడే.

ముందు: ఒకే పనేనా?

100 కోట్ల లోపు ప్రధాన సంఖ్యలెన్ని అన్న లెక్కనే తీసుకుందాం. జవాబు 5,08,47,534. ఇది రాని ప్రోగ్రాము ఎంత వేగంగా ఉన్నా పక్కన పడేయండి. జవాబు సరిగ్గా ఇచ్చేవాటిలోనూ రకాలున్నాయి. మామూలు ఎరటోస్తనీస్ జల్లెడ గుణిజాల్ని కొట్టేస్తూ పోయి, మిగిలినవి లెక్కపెడుతుంది. ప్రైమ్‌సీవ్ అనే ప్రోగ్రాము కూడా అదే జల్లెడ, కానీ ముక్కలు ముక్కలుగా చేస్తుంది. ప్రైమ్‌కౌంట్ అనేది అసలు సంఖ్యల్ని ఒక్కొక్కటిగా పుట్టించదు, సూత్రాలతో మొత్తం ఎన్నో మాత్రం చెబుతుంది. అందుకే మిగతా రెండింటినీ చిత్తుగా ఓడిస్తుంది. కానీ మీకు కావలసింది ఆ సంఖ్యల జాబితా అయితే ఆ గెలుపు మీకెందుకూ పనికిరాదు.

పజిల్ రెపోల్లో ఈ తేడా ఇంకా గుట్టుగా ఉంటుంది. ఏటా డిసెంబరులో రోజుకో పజిల్ ఇచ్చే అడ్వెంట్ ఆఫ్ కోడ్‌లో అందరికీ ఒకే ఇన్‌పుట్ రాదు. ఇన్‌పుట్‌లను బయట పెట్టొద్దని దాని రచయిత కోరుతాడు కాబట్టి రెపోల్లో సాధారణంగా అవి ఉండవు. రెండు రెపోలకూ మీ ఇన్‌పుట్ ఫైలే ఇవ్వండి. ఇన్‌పుట్‌లోని సుళువును వాడుకునే జవాబులను గుర్తుపట్టండి: 2023 ఎనిమిదో రోజు రెండో భాగంలో క.సా.గు. తీస్తే జవాబు వచ్చేస్తుంది. ఇచ్చిన ఇన్‌పుట్‌లో గమ్యానికి మొదటిసారి చేరే అడుగుల సంఖ్యా, ఆ దారి మళ్లీ మళ్లీ తిరిగే చక్రం పొడవూ ఒకటే కావడం వల్లే అది పని చేస్తుంది. ఏ ఇన్‌పుట్‌కైనా పనిచేసేలా రాసిన కోడ్ దీనికన్నా నెమ్మదిగానే ఉంటుంది. దాన్ని తప్పుపట్టలేం.

ప్రాజెక్ట్ ఆయిలర్ (గణిత పజిళ్ల సైటు) రెపోల్లో ఇంకో తంతు: జవాబును నేరుగా ప్రింట్ చేసేవి, సగం లెక్కను ముందే పట్టికగా పెట్టుకున్నవి కూడా కనిపిస్తాయి. పట్టుకోవడం సులభం. పదో లెక్కలో (ప్రధాన సంఖ్యల మొత్తం) పరిమితి 20 లక్షలు. దాన్ని 2 కోట్లకు మార్చి నడపండి, జవాబు మారకపోతే దొరికిపోయినట్టే. మార్చడానికి ఒక్క చోటు దొరక్కుండా అదే అంకె నాలుగు చోట్ల విడివిడిగా కనిపిస్తే ఆ కోడ్ నాణ్యత ఏమిటో అక్కడే తెలిసిపోతుంది.

బిల్డ్ చేసేటప్పుడు

రెపోను క్లోన్ చేయగానే (మీ మెషిన్‌కి దింపగానే) కమిట్ హ్యాష్, అంటే ఆ కోడ్ వెర్షన్ గుర్తు, రాసి పెట్టుకోండి. రేపు మళ్లీ కొలిస్తే కోడ్ మారి ఉండొచ్చు. లైసెన్స్ ఫైలు కూడా ఇప్పుడే చూడండి. అది లేని రెపోను చదవొచ్చు కానీ, కోడ్ తీసుకుని మీ ప్రాజెక్టులో వాడుకునే హక్కు రాదు. ఆట్‌కోడర్ లైబ్రరీ (పోటీ ప్రోగ్రామింగ్ కోడ్) సీసీ0 కింద, అంటే హక్కులన్నీ వదులుకునే లైసెన్స్ కింద ఉంది, ఏ చిక్కూ లేదు. పెద్ద సంఖ్యల లెక్కల లైబ్రరీ జీఎంపీ మాత్రం ఎల్‌జీపీఎల్ లేదా జీపీఎల్ అనే లైసెన్సుల కింద వస్తుంది. మీ ప్రోగ్రామును ఎలా పంచిపెడతారన్న దాన్నిబట్టి షరతులుంటాయి.

రస్ట్ భాష ప్రాజెక్టును ఉత్త "కార్గో రన్"తో నడిపితే అది డీబగ్ బిల్డ్, అంటే తప్పులు వెతకడానికి పనికొచ్చే నెమ్మది రూపం. "--రిలీజ్" పెట్టకుండా కొలిచి రస్ట్ నెమ్మది అని తీర్పు చెప్పే పొరపాటు రోజూ జరుగుతూనే ఉంటుంది. సీ++లోనూ ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ ఇవ్వకపోతే కంపైలర్ ఏమీ మెరుగుపరచదు. రెండు రెపోలకూ ఒకే కంపైలర్, ఒకే ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ -ఓ2 ఇవ్వండి. ఒకదాని మేక్‌ఫైల్‌లో (బిల్డ్ సూచనల ఫైలు) "మార్చ్=నేటివ్", అంటే ఈ మెషిన్ ప్రాసెసర్‌కే తగినట్టు కంపైల్ చేయమనే ఫ్లాగ్, ఉంటే రెండోదానికీ చేర్చండి. ఆ ఫ్లాగ్‌తో కట్టిన ఫైలును పాత ప్రాసెసర్ మీదికి తీసుకెళ్తే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోవచ్చు, అది కోడ్ తప్పు కాదు.

కొలత

హైపర్‌ఫైన్ అనే కమాండ్ లైన్ టూల్ చాలు. రెండు కమాండ్లనూ ఒకేసారి ఇచ్చి, వార్మప్ 3 పెట్టండి (లెక్కలోకి తీసుకోకుండా ముందు 3 సార్లు నడుపుతుంది). మామూలుగా ఒక్కోదాన్ని కనీసం 10 సార్లు నడిపి సగటు, విచలనం (కొలతలు ఎంత అటూఇటూ అవుతున్నాయో), కనిష్ఠం, గరిష్ఠం చూపిస్తుంది. ప్రోగ్రాము 5 మిల్లీసెకన్లలోపే ముగిస్తే అదే హెచ్చరిస్తుంది, ఎందుకంటే షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాము) మొదలయ్యే సమయాన్ని అంత చిన్న కొలతలోంచి కచ్చితంగా తీసేయలేదు. అప్పుడు "-ఎన్" పెట్టి షెల్ లేకుండా నడపండి, లేదా ఇన్‌పుట్ పెంచండి. రెండోదే మేలు.

ఛార్జర్ పెట్టి ఉంచండి, బ్రౌజర్ మూసేయండి. లాప్‌టాప్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ దెబ్బ రెండోదిగా నడిచే ప్రోగ్రాము మీద పడుతుంది. వరుస తిరగేసి మళ్లీ కొలవండి. గెలిచేది మారిందంటే ఆ కొలతను నమ్మొద్దు.

యూజర్ టైమ్ (అన్ని కోర్లలో కలిపి ప్రోగ్రాము వాడిన ప్రాసెసర్ సమయం) అసలు గడిచిన సమయం కన్నా ఎక్కువగా ఉంటే ఆ ప్రోగ్రాము ఒకటికి మించిన కోర్లు వాడుతోందని అర్థం. ప్రైమ్‌సీవ్ కమాండ్ మామూలుగానే అన్ని కోర్లనూ వాడేస్తుంది. ఒకే కోర్ మీద నడిచేదానితో పోల్చాలంటే "--థ్రెడ్స్=1" ఇవ్వండి.

నంబా (పైథాన్ కోడ్‌ను కంపైల్ చేసేది), జూలియా భాష లాంటివాటిలో ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు కంపైల్ అయ్యే సమయం కూడా కలుస్తుంది. పజిల్ ఒక్కసారి నడిపి వదిలేసేదైతే దాన్ని కలిపి కొలవడమే న్యాయం. లక్షసార్లు పిలిచే ఫంక్షనైతే మొదటి పిలుపును వదిలేయండి. మీరే టైమర్ రాస్తుంటే, వచ్చిన జవాబును తప్పకుండా ప్రింట్ చేయండి. ఎవరూ వాడని జవాబని గమనిస్తే కంపైలర్ లూప్ మొత్తాన్ని ఎత్తేస్తుంది, మీకు సున్నా సెకన్లు కనిపిస్తుంది.

ఇన్‌పుట్ పెంచి చూడండి

ఒక్క సైజులో కొలిచి ఆపకండి. 10 లక్షలు, కోటి, 10 కోట్లు, 100 కోట్లు, వరుసగా నడపండి. జల్లెడకి ఇన్‌పుట్ 10 రెట్లయితే సమయం 10 రెట్ల కన్నా కాస్త ఎక్కువ పెరగాలి. అంతకన్నా బాగా ఎక్కువైతే తప్పు సాధారణంగా మెమరీది. 100 కోట్లకు సంఖ్యకో బైట్ చొప్పున పెడితే దాదాపు 1 జీబీ. పైథాన్ మామూలు లిస్ట్‌లో ఒక్కో గడికి 8 బైట్లు కాబట్టి 8 జీబీ, చాలా మెషిన్లు అక్కడే కూలబడతాయి. బిట్లుగా సర్దితే 125 ఎంబీ, బేసి సంఖ్యలకే పరిమితమైతే 62.5 ఎంబీ. అయినా అది చాలా ప్రాసెసర్ల కాష్‌లో (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీ) పట్టదు. ముక్కల జల్లెడ ఇక్కడే గెలుస్తుంది: 32 కేబీ ముక్కలో బేసి సంఖ్యల బిట్లు 5,24,288 సంఖ్యల మేరకు సరిపోతాయి, ప్రాసెసర్‌కి అతి దగ్గరి ఎల్1 కాష్ దాటి పోనక్కర్లేదు. కొట్టేయడానికి కావలసినవి 100 కోట్ల వర్గమూలం, 31,622 లోపు ఉన్న 3,401 ప్రధాన సంఖ్యలే. చిన్న ఇన్‌పుట్‌కు మాత్రం బైట్ల జల్లెడే ముందుండొచ్చు, బిట్ తీసే ఖర్చు దానికి లేదు మరి. అందుకే 10 లక్షల దగ్గర గెలిచింది 100 కోట్ల దగ్గర ఓడిపోతే ఆశ్చర్యపోకండి.

సైజు పెంచినప్పుడే ఇంకో తప్పు బయటపడుతుంది. 32 బిట్ల పూర్ణాంకంలో 46,340 వర్గం పడుతుంది, 46,341 వర్గం పట్టదు. "ఐ ఇంటూ ఐ" నుంచి కొట్టేయడం మొదలుపెట్టే కోడ్‌లో బయటి లూప్ వర్గమూలం దగ్గర ఆగకుండా చివరిదాకా పోతే, సీ++లో ఆ గుణకారం రుణ సంఖ్యగా మారి అర్రే బయట రాస్తుంది. ఒక్కోసారి క్రాష్, ఒక్కోసారి చడీచప్పుడూ లేకుండా తప్పు జవాబు. అందుకే ప్రతి సైజు దగ్గరా జవాబును సరిచూడాలి: 10 లక్షలకు 78,498, 10 కోట్లకు 57,61,455.

రెండింటి సగటుల తేడా విచలనం లోపలే ఉంటే సమానమని రాసేసుకోండి. అప్పుడు టెస్టులున్నదాన్ని, మీరు అరగంటలో చదివి మార్చగలిగినదాన్ని తీసుకోండి.