పిలాటిస్ మొదలుపెట్టేవాళ్లకు: ముందు ఊపిరి, తర్వాతే కాళ్లు

హన్మకొండలో నేను పాఠాలు చెప్పే బడిలో రోజుకు ఆరు పీరియడ్లు. అన్నీ నిలబడే. మూడేళ్ల క్రితం సాయంత్రం ఇంటికొచ్చి వంగి చెప్పులు విప్పుకోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు ఎముకల్లో తేడా ఏమీ లేదని, నడుముకు ఆసరా ఇచ్చే కండరాలే బలహీనపడ్డాయని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి నేల మీద పడుకోబెట్టి నేర్పినవి పిలాటిస్ వ్యాయామాలని నాకు తర్వాత తెలిసింది.

ఈ వ్యాయామాలను రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు తన పద్ధతికి మెరుగులు దిద్దుకున్నాడు. 1926లో న్యూయార్క్ చేరి, తన సహచరి క్లారాతో కలిసి స్టూడియో నడిపాడు. దెబ్బలు తగిలిన డాన్సర్లు ఆయన దగ్గరికి వెళ్లేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. నాకు ఆ పేరే నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో ఉన్నదంతా అదుపే.

పిలాటిస్ స్టూడియోల్లో వాడే, స్ప్రింగులున్న రిఫార్మర్ మెషీన్ ఇప్పుడే అక్కర్లేదు. జంపఖానా రెండు మడతలు వేసి నేల మీద పరుచుకోండి. పరుపు మీద వద్దు, నడుము దిగిపోతుంది. తిన్నాక రెండు గంటలు ఆగండి. గర్భిణులు, డిస్కు సమస్య ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్లు ముందు అడిగి తీరాలి. చేస్తుంటే నడుములోంచి కాల్లోకి నొప్పి లాగినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆపేయండి.

మొదటి వారమంతా ఊపిరే. చున్నీని ఛాతీ కింద పక్కటెముకల చుట్టూ కొంచెం బిగువుగా చుట్టి, కొసలు రెండు చేతులతో పట్టుకోండి. ముక్కుతో గాలి పీలిస్తే చున్నీ పక్కలకూ వీపు వైపుకూ బిగుసుకోవాలి. నోటితో మెల్లగా వదిలితే వదులవ్వాలి. భుజాలు లేస్తున్నాయంటే గాలి పైపైనే ఆగిపోతోందన్నమాట.

ఇప్పుడు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. గాలి వదులుతూ పొత్తికడుపును లోపలికి తీసుకోండి. లంగా బొందు కట్టుకునేటప్పుడు తీసుకుంటామే, అలా. కాకపోతే అప్పుడు ఊపిరి బిగబడతాం, ఇక్కడ బిగబట్టకూడదు. ఆ స్థితిలో ఒకటి నుంచి పది వరకు పైకి లెక్కపెట్టగలిగితే సరిగ్గా చేస్తున్నట్టే.

నడుము కింద అరచెయ్యి దూర్చి చూడండి, కొద్దిగా సందు ఉంటుంది. దాన్ని నేలకు అదిమేయొద్దు, పెంచొద్దు. గాలి వదులుతూ ఒక కాలిని, మోకాలు మడిచే ఉంచి, పిక్క నేలకు సమాంతరంగా వచ్చేదాకా లేపండి. పీల్చుతూ దించండి. తర్వాత రెండోది. చూసేవాళ్లకు ఇదేం వ్యాయామం అనిపిస్తుంది. కానీ కాలు లేచినా దిగినా ఆ సందు మారకుండా ఉండాలి, కష్టమంతా అక్కడే. మారిందంటే పొట్ట పని మానేసి బరువు నడుము మీద వేసింది. అప్పుడు కాలు తక్కువ ఎత్తు లేపండి. చెరో కాలితో ఆరుసార్లు చాలు. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ఇది కుదిరేదాకా ముందుకు పోవద్దని గట్టిగా చెబుతాను.

తర్వాత బ్రిడ్జ్. గాలి వదులుతూ ముందు పిరుదులు, తర్వాత నడుము, ఆ తర్వాత వీపు లేపండి. దించేటప్పుడు వీపు పైభాగం నుంచి ఒక్కో వెన్నుపూసనే నేలకు ఆనించండి. దబ్బున పడొద్దు. ఐదుసార్లు చేయండి.

చివరగా హండ్రెడ్. చేతులు పక్కన చాపి, నేలకు కాస్త పైన ఉంచి చిన్నగా ఆడించాలి. ఐదు ఆడింపులకు గాలి పీల్చడం, ఐదింటికి వదలడం. అలా పది రౌండ్లు చేస్తే వంద. అసలు పద్ధతిలో తల, భుజాలు లేపి, కాళ్లు గాల్లో చాపుతారు. నేను వీడియో చూసి మొదటి రోజే అలా చేసి, నాలుగు రోజులు మెడ తిప్పలేకపోయాను. మీరు తల నేల మీదే ఉంచండి, పాదాలు కూడా. మూడు రౌండ్లతో మొదలుపెట్టండి.

మొత్తం పావుగంట పని. వారానికి మూడు రోజులు చేయండి. ఊపిరి, పొట్ట మీ మాట వింటుంటే వారానికో రౌండు పెంచండి. తల నేల మీద ఉంచి వంద పూర్తిచేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. తల లేపడం ఆ తర్వాతే మొదలుపెట్టాను, అది కూడా ఫిజియో అమ్మాయి పక్కన నిలబడి చూస్తుండగానే.